ఫోన్ వింటోందా, అక్కా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో పాస్‌వర్డుల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో పాస్‌వర్డుల ఊసే లేదు. దాదాపు అన్నిటిలోనూ ఒకటే గొడవ: ఈ పెద్ద టెక్నాలజీ కంపెనీలను నమ్మొచ్చా? ఈ శీర్షిక మొదలుపెట్టకముందు నేను ఆన్‌లైన్ ప్రకటనల కంపెనీ ఒకదానిలో డేటాబేస్ పని చేశాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంకాస్త గట్టిగా అడిగారు. న్యాయమే. పొడుగు ఉత్తరాలను కుదించి వేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మొన్న మా చెల్లెలు వచ్చింది. కళ్ళజోడు మార్చాలి, ఫ్రేము బరువుగా ఉంది అని మాట్లాడుకున్నాం. నేను ఫోన్‌లో ఏమీ వెతకలేదు, ఒట్టు. సాయంత్రానికి నా ఫోన్ నిండా కళ్ళజోళ్ళ ప్రకటనలే. మా ఆయన "ఏదో కాకతాళీయం" అంటారు. నాకేమో ఫోన్ వింటోందనే అనిపిస్తోంది. ఇద్దరం పందెం వేసుకున్నాం. ఎవరు గెలిచినట్టు?
(పందెం కాసిన పాఠకురాలు)

జవాబు: ఎవరూ గెలవలేదమ్మా. ఫోన్ విని ఉండదు. అలాగని అది కాకతాళీయమూ కాదు.

మీరు వెతకలేదు, సరే. మీ చెల్లెలు వెతికి ఉంటుంది. ఫ్రేము బరువుగా ఉందని బాధపడుతున్న మనిషి మీ ఇంటికి రాకముందే నాలుగు సైట్లు చూసి ఉంటుంది. మీ ఇంటికొచ్చాక మీ వైఫై వాడుకుంది. ఆ కాసేపూ మీ రెండు ఫోన్లూ ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కుండే నంబరు) నుంచి బయటికి మాట్లాడాయి. ఇద్దరి లొకేషనూ ఒకటే. నేను పనిచేసిన చోట ఇలాంటి ఫోన్లన్నిటినీ కలిపి ఒక 'హౌస్‌హోల్డ్' కింద కట్టేవాళ్ళం. ఆ కట్టలో ఒకరు దేనికోసం వెతికినా మిగతావాళ్ళకీ ఆ ప్రకటన వెళ్ళేది. అందులో వింతేమీ లేదు, రోజూ జరిగే పనే.

మా డేటాబేస్ పట్టికలో (టేబుల్ అంటాం) ఒక్కో వరుసలో ఏముండేదో చెబుతాను. ప్రకటనల కంపెనీలు గుర్తుపట్టడానికి ఫోన్‌కి ఉండే అడ్వర్టైజింగ్ ఐడీ అనే నంబరు, సమయం, అక్షాంశ రేఖాంశాలు, ఏ యాప్ నుంచి వచ్చింది, ఏ మోడల్ ఫోను. వాటి పక్కన మేం తగిలించిన సెగ్మెంట్లు, అంటే మనుషుల్ని వర్గాలుగా విడదీసే చీటీలు: 'త్వరలో ఇల్లు మారేవారు', 'కొత్తగా తల్లిదండ్రులైనవారు', 'ధర చూసి వెనక్కి తగ్గేవారు'. మనిషి పేరు మాత్రం ఉండేది కాదు. మీటింగుల్లో ఈ మాటను గర్వంగా చెప్పుకునేవాళ్ళు. నిజమే, పేరు తప్ప అన్నీ ఉండేవి.

మీకు తెలియాల్సినది ఇంకొకటుంది. మీరొక వార్తల పేజీ తెరిచారనుకోండి. అది పూర్తిగా కనిపించేలోపే అందులోని ఖాళీ ప్రకటన స్థలం వేలానికి వెళ్తుంది. 'ఫలానా ఫోను, ఫలానా ప్రాంతం, ఫలానా ఆసక్తులున్న మనిషి ఈ పేజీ చూడబోతున్నారు, ఎంతిస్తారు?' అని పదుల కంపెనీలకు కబురు పోతుంది. గెలిచేది ఒక్కటే, కానీ కబురు అందుకున్నవన్నీ మీ వివరాలు చూసేశాయి. దీన్ని రియల్ టైమ్ బిడ్డింగ్ అంటారు. ఓడిపోయినవాళ్ళు ఆ వివరాలను ఏం చేస్తున్నారో కనిపెట్టి ఉండేవాళ్ళు లేరు. నన్నడిగితే మైకు కంటే భయపడాల్సింది దీనికి.

మైకు సంగతి. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. దొంగచాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపిన యాప్ ఒక్కటీ వాళ్ళకు దొరకలేదు. కొన్ని యాప్‌లు తెర మీద జరిగేదాన్ని రికార్డు చేసి బయటి కంపెనీలకు పంపడం మాత్రం దొరికింది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు, మైకు అంత ఆసక్తిగా ఉండదు కదా.

మైకు పూర్తిగా నిర్దోషి అని కూడా అనను. పిలవకపోయినా పిలిచారని పొరబడి ఆపిల్ ఫోన్లలోని మాట్లాడే అసిస్టెంట్ సిరి రికార్డు చేసిన మాటలను బయటి కాంట్రాక్టర్లు కూర్చుని వింటున్నారని 2019లో బయటపడింది. ఆపిల్ క్షమాపణ చెప్పింది. దాని మీద నడిచిన కేసులో, తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లకు రాజీ పడుతున్నట్టు 2025 జనవరిలో తెలిసింది. అమెజాన్ అలెక్సా రికార్డింగులను కూడా ఉద్యోగులు విన్నారని అదే 2019లో వార్తలొచ్చాయి. అంటే మాట్లాడే స్పీకర్లు, అసిస్టెంట్ల విషయంలో మీ అనుమానానికి ఆధారం ఉంది. కళ్ళజోడు ప్రకటనకు మాత్రం అంత కష్టం అక్కర్లేదు. రోజంతా మాటలు విని, రాతలోకి మార్చి, అందులోంచి 'ఫ్రేము' అనే మాటను ఏరడం బోలెడు ఖర్చు. చవగ్గా, కచ్చితంగా వేరే దారిలో దొరుకుతుంటే ఎవరు చేస్తారు?

పందెం డబ్బు చెల్లెలికి ఇచ్చేయండి. అసలు కారణం ఆవిడే.

ప్రశ్న: మేడమ్, ప్రైవేటుగా ఏదైనా చూడాలంటే బ్రౌజరులో హిస్టరీ మిగలని ఇన్‌కాగ్నిటో విండోలో చూస్తాను. సరిపోతుందా?
(డిగ్రీ విద్యార్థి)

జవాబు: మీ ఫోన్ తీసుకుని చూసే స్నేహితుడికి తెలియకుండా ఉండాలంటే సరిపోతుంది. హిస్టరీ మిగలదు, అంతే. మీరు చూసిన సైటుకు, అందులో ప్రకటనలు పెట్టినవాళ్ళకు, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి మీ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. ఇన్‌కాగ్నిటోలో కూడా వివరాలు సేకరిస్తున్నారని గూగుల్ మీద 2020లో అమెరికాలో దావా పడింది. వందల కోట్ల రికార్డులు చెరిపేస్తామని, ఆ పేజీలో ఉండే హెచ్చరికను ఇంకా స్పష్టంగా రాస్తామని 2024లో రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ విండో తెరిచినప్పుడు మొదట కనిపించే నాలుగు వాక్యాలు చదవండి. అందులో నిజమే రాశారు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. నా ఫోన్‌లో మనవల ఫోటోలు, నాలుగు పద్యాలు, పత్రికలు. ఏ కంపెనీ చూసినా నాకు పోయేదేముంది? దాచుకోవాల్సిన పనులు చేసేవాళ్ళు కదా భయపడాలి! (నా పేరు వేయవద్దు.)
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, నమస్కారం. ఉత్తరం చివర మీరు రాసుకున్న మాటలోనే నా జవాబు సగం ఉంది. మీరు చేసిన తప్పేమీ లేదు. అయినా మీ పేరు ఎక్కడ కనిపించాలో మీరే నిర్ణయించుకోవాలనుకున్నారు. మీరు వద్దన్నారు కాబట్టి నేను వేయలేదు.

మిగతా సగానికి ఒక పాత సంగతి. 2006లో ఏఓఎల్ అనే కంపెనీ, పరిశోధనకు పనికొస్తుందని, దాదాపు 6,50,000 మంది మూడు నెలల్లో తన సెర్చ్‌లో వెతికినవన్నీ బయటపెట్టింది. పేర్లు తీసేసి ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చింది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు కింద ఉన్న వెతుకులాటలు చదువుకుంటూ పోయి, ఆ మనిషి ఎవరో కనుక్కున్నారు. అరవై దాటిన ఒక ఆవిడ. ఆవిడ వెతికింది ఏమిటయ్యా అంటే వేళ్ళ తిమ్మిరి, పెంపుడు కుక్క ఇల్లంతా పాడుచేయడం, ఒంటరి మగవాళ్ళు, ఊళ్ళో తోటపని చేసేవాళ్ళు. ఇందులో నేరం ఎక్కడుంది? కానీ వేళ్ళ తిమ్మిరి నుంచి తోడు వెతుక్కోవడం దాకా ఆవిడ మనసులో తిరిగినవన్నీ ఒకే కాగితం మీద అపరిచితుల చేతికి వచ్చాయి. డాక్టరుకు చెప్పుకునేది వేరు, స్నేహితురాలికి చెప్పుకునేది వేరు. అక్కడ అన్నీ ఒకటైపోయాయి. నేను పైన చెప్పిన 'పేరు తప్ప అన్నీ' అన్నదాని అర్థం ఇదే.

ఇంకొకటి. మీ ఫోన్‌లో ఉన్నది మీ ఒక్కరి వివరాలే కాదు. కేంబ్రిడ్జ్ అనలిటికా పేరు మీరు వినే ఉంటారు, ఫేస్‌బుక్ వివరాలు చేజిక్కించుకున్న రాజకీయ ప్రచార సంస్థ. ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష లాంటి ఒక యాప్‌ను దాదాపు 2,70,000 మంది ఇన్‌స్టాల్ చేసుకున్నారు. అప్పటి నిబంధనల ప్రకారం ఆ యాప్ వాళ్ళ స్నేహితుల వివరాలు కూడా లాగగలిగింది. మొత్తం 8.7 కోట్ల మంది దాకా వివరాలు అలా పోయి ఉంటాయని 2018లో ఫేస్‌బుక్కే చెప్పింది. అంటే చాలామంది ఆ యాప్ మొహం కూడా చూడలేదు. వాళ్ళ స్నేహితుడో బావమరిదో 'దాచుకోవడానికి నాకేముంది' అనుకుని నొక్కాడు. మీ మనవల ఫోటోలు అన్నారు చూడండి, ఆ పిల్లల్ని మాత్రం ఎవరు అడిగారు?

ప్రశ్న: మేడమ్, ఒక వీడియో ప్లాట్‌ఫారమ్‌లో లెక్కల పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. ఒక రోజు పొద్దున లేచి చూస్తే అకౌంటు లేదు. "మా నిబంధనలకు విరుద్ధం" అని ఒక్క ముక్క. ఏ నిబంధనో చెప్పరు. అప్పీలు పెడితే నిమిషాల్లో "పరిశీలించాం, నిర్ణయం మారదు" అన్నారు. మనిషితో మాట్లాడించండి మొర్రో అన్నా వినే దిక్కు లేదు. ఆ టెన్షన్‌తో నిద్ర లేదు. తర్వాత ఎప్పుడో అకౌంటు దానంతటదే తిరిగొచ్చింది. ఎందుకొచ్చిందో కూడా చెప్పలేదు. అందరూ ప్రైవసీ, ప్రైవసీ అంటారు. మా గోడు ఎవరికి చెప్పుకోవాలి?
(లెక్కల టీచరు)

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీదే. పైకి ఇది ప్రైవసీ సమస్యలా కనిపించదు గానీ రెండిటికీ వేరు ఒక్కటే. మీ గురించి అన్నీ తెలిసిన సంస్థకు మీకు జవాబు చెప్పాల్సిన అవసరం లేకపోవడం.

మీకంటే ఘోరంగా దెబ్బతిన్నవాళ్ళున్నారు. అమెరికాలో ఒక తండ్రి 2021లో తన చిన్న పిల్లాడికి మర్మావయవం దగ్గర వాపు వస్తే డాక్టరుకు చూపించడానికి ఫోటో తీశాడు. అది తనంతట తానే గూగుల్ క్లౌడ్‌లోకి వెళ్ళింది. పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రాలను వెతికే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుంది. మెయిలు, ఫోటోలు, కాంటాక్టులు, చివరికి ఆయన ఫోన్ నంబరు కూడా ఆ కంపెనీదే, అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. పోలీసులు విచారించి నేరమేమీ జరగలేదని తేల్చారు. అయినా గూగుల్ అకౌంటు తిరిగి ఇవ్వలేదని 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అలాంటి చిత్రాలను వెతకకూడదని నేను అనను, వెతకాల్సిందే. కానీ సాఫ్ట్‌వేర్ పొరబడిందని పోలీసులు చెప్పినా చెల్లలేదంటే, ఇక ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాలి?

మీరు అనొచ్చు, నచ్చకపోతే ఇంకో కంపెనీకి వెళ్ళమంటారు కదా అని. వెళ్ళడానికి ఇంకో చోటు ఉండాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ నెట్‌వర్కులో ఒక మార్పు బెడిసికొట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఆరు గంటల పాటు ఆగిపోయాయి. ఒకదానికి బదులు ఇంకొకటి వాడదామనుకున్నవాళ్ళకు ఆ రోజు తెలిసింది, మూడూ ఒక ఇంటివేనని. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో, వాట్సాప్‌ను 2014లో ఆ కంపెనీ కొనేసింది.

సెర్చ్ సంగతీ అంతే. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందుగా తన సెర్చే ఉండేలా చూసుకోవడానికి గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా, గూగుల్ సెర్చ్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందని తీర్పిచ్చారు. సెట్టింగ్ మార్చుకోవడం ఎవరికైనా సులువే. అయినా ఆ మార్చుకోనివాళ్ళ కోసం అంత డబ్బు పోశారంటే జనం ఎంత తక్కువగా మారుస్తారో వాళ్ళకు బాగా తెలుసు. 2025 సెప్టెంబరులో అదే జడ్జి గూగుల్ సెర్చ్ ఒక్కటే ఉండాలన్న ఒప్పందాలు కుదరవన్నారు గానీ, డబ్బు చెల్లించడాన్ని పూర్తిగా ఆపలేదు, క్రోమ్ అమ్మమనీ అనలేదు. నాకైతే అది మెత్తటి శిక్షే అనిపించింది.

చాలామంది నన్ను "నమ్మొచ్చా?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నతో నాకు పేచీ ఉంది. ఆ కంపెనీల్లో మంచివాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నాతో పనిచేసినవాళ్ళే ఉన్నారు. వాళ్ళ మంచితనం మీకేమీ ఉపయోగపడలేదు కదా. తప్పు జరిగితే ఎవరు వింటారు, వద్దనుకుంటే మన సామాను తీసుకుని ఎలా బయటపడతాం, ఈ రెండూ అడగండి. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం మొదటిదానికి కొంత జవాబిచ్చింది. అక్కడ అకౌంటు ఆపితే కారణం రాసి ఇవ్వాలి, అప్పీలును పూర్తిగా యంత్రానికే వదిలేయకూడదు, ఆ తర్వాత కోర్టు బయట పరిష్కార సంస్థకు వెళ్ళొచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లో ఉంది. మీలాంటి ఉత్తరాలు చట్టసభల దాకా వెళ్తే మిగతా దేశాల్లోనూ రావాలి.

అప్పటిదాకా ఒక పని చేయండి. విద్యార్థుల మెయిల్ ఐడీల జాబితా మీ దగ్గర విడిగా పెట్టుకోండి, వాళ్ళ అనుమతితో. పాఠాల అసలు ఫైళ్ళు మీ సొంత డిస్క్‌లో ఉంచండి. సొంత డొమైన్ పేరుతో, అంటే మీరే కొనుక్కున్న వెబ్ చిరునామాతో, ఒక చిన్న వెబ్‌సైటు పెట్టుకుని, ప్లాట్‌ఫారమ్ పోయినా పిల్లలు ఎక్కడికి రావాలో ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: ఆ కంపెనీల్లోనే జీతం తీసుకుని, ఇప్పుడు వాళ్ళ మీదే రాయడం ఏం న్యాయం?
(ఒక పాఠకుడు)

జవాబు: జీతం తీసుకుని పని చేశాను, బాకీ ఏమీ లేదు. టేబుల్లో ఏముంటుందో చూడనివాళ్ళు రాస్తే మీరు "తెలియకుండా రాస్తున్నారు" అనేవారు.

ప్రశ్న: మేడమ్ గారూ, రోజూ పేపర్లో "ఫలానా కంపెనీకి వేల కోట్ల జరిమానా" అని చదువుతున్నాం. మళ్ళీ మర్నాడు మామూలే. ఈ జరిమానాలతో ఎవరైనా మారారా, లేక ఇదంతా నాటకమా?
(చిరాకేసిన పాఠకుడు)

జవాబు: నాటకం కాదు గానీ, మీ చిరాకు అర్థమవుతోంది. కేంబ్రిడ్జ్ అనలిటికా తర్వాత 2019లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అంతకు ముందెప్పుడూ ప్రైవసీ విషయంలో అంత పెద్ద జరిమానా లేదు. ఫేస్‌బుక్‌కు 2018లో వచ్చిన రాబడి దాదాపు 5,580 కోట్ల డాలర్లు. నెల రోజుల రాబడికి కాస్త ఎక్కువ, అంతే. ఆ వార్త బయటికొచ్చిన రోజు కంపెనీ షేరు ధర పెరిగింది. మదుపుదారులు ఇంకా పెద్దది పడుతుందని భయపడ్డారన్నమాట.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఐఫోన్లలో ఒక చిన్న ప్రశ్న పెట్టింది. 'ఈ యాప్ మిమ్మల్ని వేరే యాప్‌లలోనూ సైట్లలోనూ ట్రాక్ చేయొచ్చా?' అంతే. అంతకుముందు దాకా 'వద్దు' అనాలంటే సెట్టింగుల లోపలికి వెళ్ళి వెతుక్కోవాలి. ఇప్పుడు అడగకుండా ట్రాక్ చేయడానికి లేదు. ఆ మార్పు వల్ల 2022లో దాదాపు 1,000 కోట్ల డాలర్ల రాబడి తగ్గుతుందని మెటా (ఫేస్‌బుక్ కంపెనీకి ఇప్పటి పేరు) తానే చెప్పింది. ఆ పెద్ద జరిమానాకు రెట్టింపు. ఒక్క ప్రశ్న అడిగినందుకు! ఆ రోజుల్లో మా రంగంలో పడిన కంగారు ఏ కోర్టు తీర్పుకీ పడలేదు.

అందుకని ఆపిల్‌కు దండ వేయాల్సిన పనిలేదు. ఆ ప్రశ్నను అమలు చేసిన తీరు పోటీ నియమాలకు విరుద్ధమని 2025 మార్చిలో ఫ్రాన్స్ పోటీ సంస్థ ఆపిల్‌కు 15 కోట్ల యూరోల జరిమానా వేసింది. వేరేవాళ్ళ ప్రకటనల వ్యాపారాన్ని ఒక్క సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తలకిందులు చేయగలిగిన బలం ఒక కంపెనీ చేతిలో ఉండటం, ఈసారి మనకు అనుకూలంగా పనిచేసింది. ప్రతిసారీ చేస్తుందన్న భరోసా ఏముంది?

చట్టాల వైపు నుంచి కూడా పూర్తిగా నిరాశ పడకండి. యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2018 మే 25న అమల్లోకి వచ్చింది. జరిమానా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 4 శాతం దాకా వెయ్యొచ్చు. యూరప్ జనం వివరాలను అమెరికాకు తరలించినందుకు 2023లో మెటాకు 120 కోట్ల యూరోలు వేశారు, తరలింపు ఆపమన్నారు కూడా. దాని వెనక మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియా లాయరు ఉన్నాడు. 2011లో లా చదువుతుండగా 'నా గురించి మీ దగ్గరున్నదంతా ఇవ్వండి' అని ఫేస్‌బుక్‌ను అడిగాడు. 1,200 పేజీలు వచ్చాయి. తను డిలీట్ చేశాననుకున్నవి కూడా అందులో ఉన్నాయి. అక్కడ మొదలుపెట్టి, డేటా తరలింపు మీద యూరప్‌కీ అమెరికాకీ ఉన్న ఒప్పందాలను 2015లో ఒకటి, 2020లో ఒకటి కోర్టులో కొట్టేయించాడు. భారతదేశంలో ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి 2017 ఆగస్టు 24న చెప్పింది. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలకు 2025 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. నత్తనడకే, ఒప్పుకుంటాను.

ప్రశ్న: వదినా అని పిలవొచ్చా? మా ఆయన వాట్సాప్ మెసేజ్‌లన్నీ కంపెనీవాళ్ళు చదువుతారని, సిగ్నల్ అనే ఇంకో మెసేజ్ యాప్‌కి మారిపోదామని పట్టుబడుతున్నారు. మా వైపు, వాళ్ళ వైపు గ్రూపులన్నీ ఇక్కడే ఉన్నాయి. ఎలా?
(ఇద్దరి మధ్య నలుగుతున్న పాఠకురాలు)

జవాబు: పిలవొచ్చు. మీ ఆయన మాటలో సగం నిజం ఉందని చెప్పండి. 2016 నుంచి వాట్సాప్ మెసేజ్‌లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, అంటే పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం. అది సిగ్నల్‌వాళ్ళు తయారుచేసిన పద్ధతే. మీరు మీ ఆడపడుచుకు పంపిన మెసేజ్ కంపెనీ మామూలుగా చదవలేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత తరచుగా పంపారన్నది మాత్రం ఎన్‌క్రిప్షన్ దాచదు. నా పాత ఉద్యోగంలో చాలాసార్లు అదే సరిపోయేది. అర్ధరాత్రి ఒకే నంబరుకు వరుసగా ఫోన్లు వెళ్తుంటే ఏం మాట్లాడుకున్నారో వినాలా?

బ్యాకప్ సంగతి చూసుకోండి. క్లౌడ్‌లో దాచే బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ విడిగా ఆన్ చేయాలి. ఈ సదుపాయం 2021లో వచ్చింది, చాలామంది ఆన్ చేయలేదు.

నమ్మకం పోవడానికి కారణం లేకపోలేదు. వాట్సాప్‌ను కొంటున్నప్పుడు, ఒకే మనిషికి రెండు చోట్ల ఉన్న అకౌంట్లను పొరబాటు లేకుండా జోడించడం తమ వల్ల కాదని ఫేస్‌బుక్ యూరోపియన్ కమిషన్‌కు చెప్పింది. 2016లో జోడించడం మొదలుపెట్టింది. తప్పుదోవ పట్టించినందుకు 2017లో 11 కోట్ల యూరోల జరిమానా పడింది. 2021లో తెచ్చిన ప్రైవసీ పాలసీ మీద భారత పోటీ సంఘం 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయలు వేసింది.

గ్రూపులు వదిలి రమ్మంటే ఎవరూ రారు, మీరు పోరు పెట్టకండి. మీరిద్దరూ సిగ్నల్ వేసుకుని డబ్బు, ఆరోగ్యం, పిల్లల ఫోటోలు అందులో పంపుకోండి. శుభోదయాలు ఎక్కడున్నా ఒకటే.

ప్రశ్న: మేడమ్, నా రక్త పరీక్షల రిపోర్టులు ఏఐ చాట్‌బాట్‌కి ఇచ్చి అర్థం అడుగుతున్నాను. డాక్టరు కంటే ఓపిగ్గా చెబుతోంది. ఏమైనా ఇబ్బందా?
(నలభై ఏళ్ళ ఉద్యోగిని)

జవాబు: ఓపిక నిజమే. కానీ డాక్టరుకు చెప్పినదాన్ని కాపాడే గోప్యత నియమాలు చాట్‌బాట్‌కు మామూలుగా వర్తించవు. న్యూయార్క్ టైమ్స్ వేసిన కాపీరైట్ కేసులో 2025లో అమెరికా కోర్టు, చాట్‌జీపీటీ సంభాషణలను జనం డిలీట్ చేసినవాటితో సహా భద్రపరచమని దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐని కొన్ని నెలల పాటు ఆదేశించింది. కంపెనీయే వద్దంది, అయినా ఉంచాల్సి వచ్చింది. మీరు డిలీట్ నొక్కినంత మాత్రాన పోతుందని లెక్క వేసుకోకండి.

ఆరోగ్యం యాప్‌లు ఇంకా అన్యాయం. మానసిక ఆరోగ్య సలహాలిచ్చే బెటర్‌హెల్ప్, గోప్యంగా ఉంచుతామని చెప్పి వినియోగదారుల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వగైరాలకు ఇచ్చిందని ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది. ఆ సంస్థ 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మీరు అడగడం మానక్కర్లేదు. రిపోర్టు మీద మీ పేరు, పుట్టిన తేదీ, ల్యాబ్ నంబరు ఉంటాయి కదా, ఫోటో పెట్టకుండా అంకెలు మాత్రం టైపు చేయండి. మీ సంభాషణలతో మోడల్‌కు శిక్షణ ఇవ్వకుండా ఆపే స్విచ్ సెట్టింగుల్లో ఉంటుంది, ఆపేయండి.

ప్రశ్న: ఈ ఆదివారం రెండు గంటలు కేటాయిస్తాను. ఉపన్యాసం వద్దు, ఏం చేయాలో చెప్పండి.
(చేతల మనిషిని)

జవాబు: మీరంటే నాకు ఇష్టం. మొదట ఫోన్ సెట్టింగుల్లో ప్రకటనలు అన్న చోటికి వెళ్ళి అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. ఐఫోన్ అయితే ట్రాక్ చేయడానికి యాప్‌లు అడగకుండానే ఆపేసే స్విచ్ ఉంది. నా టేబుల్లో మొదటి గడి అదేనని చెప్పాను కదా, అది ఖాళీ అయితే మిగతా గడులను ఒకరికి అంటగట్టడం కష్టమవుతుంది.

తర్వాత లొకేషన్. దారి చూపించే యాప్‌కు, క్యాబ్‌కు 'వాడేటప్పుడు మాత్రమే' ఇవ్వండి. ఆటలకు, టార్చికి అసలు వద్దు. గూగుల్ వాడేవాళ్ళు లొకేషన్ హిస్టరీ (ఇప్పుడు 'టైమ్‌లైన్' అంటున్నారు) ఒక్కటే ఆపి ఊరుకోకండి. 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' అనే ఇంకో సెట్టింగ్ కూడా ఎక్కడున్నారో దాచుకుంటుందని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. ఆ వ్యవహారం మీద 2022లో అమెరికాలో 40 రాష్ట్రాలతో 39.15 కోట్ల డాలర్లకు గూగుల్ రాజీ పడింది. అక్కడే మూడు నెలలకోసారి దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు.

పాస్‌వర్డు తర్వాత అడిగే రెండో అంచె భద్రతకు వీలైన చోటల్లా ఫోన్ నంబరు బదులు, కోడ్లను ఫోన్‌లోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. భద్రత కోసమని తీసుకున్న నంబర్లను ప్రకటనలకు వాడినందుకు ట్విట్టర్ 2022లో 15 కోట్ల డాలర్లు కట్టింది. కాంటాక్టులు చూడటానికి ఏ యాప్‌కు అనుమతి ఉందో చూసి, సగానికి పైగా తీసేయండి. అవి మీ నంబర్లు కావు, మీ బంధువులవి, స్నేహితులవి.

ఇంకా టైముంటే ఫేస్‌బుక్‌లో మీ సమాచారం డౌన్‌లోడ్ పెట్టండి. ఫైలు తయారవడానికి కాసేపు పడుతుంది. అందులో మీ వివరాలున్న జాబితాను అప్‌లోడ్ చేసిన ప్రకటనదారుల పేర్లు ఉంటాయి. జన్మలో ఎప్పుడూ విననివి చాలానే కనిపిస్తాయి. ఆ పేర్లు నాకు రాసి పంపండి, వచ్చే సంచికలో వాటి సంగతి చూద్దాం.